పట్టుమందు

వరసలో చిట్టచివరి గేదె కూడా చూడిదేనని స్కానర్ తెర మీద కనబడగానే ప్రిస్కిల్ల చేతికున్న పొడవాటి గ్లోవు తీయడం కూడా మరిచిపోయి, భుజం దాకా పేడతోనే షెడ్డులోంచి బయటికి పరిగెత్తింది.

"వదినా, అన్నీ నిలిచినయ్యి. షెడ్డు మొత్తంలో ఒక్కటంటే ఒక్కటి పొర్లలా."

నీళ్లతొట్టి దగ్గర గమ్ బూట్లు కడుక్కుంటున్న కెజియా తలెత్తి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "నిలవక ఏంజేస్తయ్యి, వేసింది ఎవరు? ముందు ఆ చెయ్యి కడుక్కోవే తల్లీ. ఆ పేడ నాకంటిందంటే మీ అన్న ఇంట్లోకి రానియ్యడు."

"మా అన్నకి నీకూ దాణా లారీకీ తేడా తెలిస్తేగా."

"తెలుసులే. లారీని రోజూ తుడుస్తాడు."

కనిగిరి అవతల ఎర్రటి రాళ్లనేలలో, మాంసం కోసం దున్నల్ని పెంచే ఒక కంపెనీ ఫారం అది. ప్రిస్కిల్ల హైదరాబాదులో చదువుకుని వచ్చి అక్కడి ల్యాబులో చేరింది. ఆమె అన్న తిమోతి అదే ఫారంలో దాణా లారీ నడుపుతాడు. అతని భార్య కెజియా గేదెలకి వీర్యం ఎక్కించే పని చేస్తుంది. ఆ చుట్టుపక్కల ఎండలకి గేదెలు సరిగ్గా ఎదకి రావు, వచ్చినా పైకి తెలియనివ్వవు. హార్మోను సూదులిచ్చి మంద మొత్తాన్ని ఒకేసారి ఎదకి తెప్పించినా, వీర్యం ఎక్కించిన వాటిలో సగానికి పైగా చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చి పొర్లేవి. అలాంటి చోట షెడ్డుకి షెడ్డే చూడి కట్టిందంటే ప్రిస్కిల్ల కాలు నేల మీద ఎలా నిలుస్తుంది.

అందుకు కారణమైన మందు ప్రిస్కిల్లా, ఆమె పై అధికారి డాక్టర్ మాలకొండయ్యా కలిసి తయారుచేసింది. దానికి ల్యాబులో ఏవో అక్షరాలూ అంకెలూ కలిపిన పేరుండేది గాని షెడ్డులో అందరూ పట్టుమందు అనేవాళ్లు. మొదటిసారి ఆ మందు కలిపి గడ్డకట్టించిన వీర్యం స్ట్రాలు కెజియా చేతికిచ్చిన రోజున ప్రిస్కిల్ల ఆపకుండా చెప్పుకుపోయింది.

"కడుపు పడ్డ కొత్తల్లో దూడ రవ్వంత ఉంటది వదినా, చీమ తలంత. అది లోపల ఉందని తల్లి ఒంటికి తెలియదు. నేనిక్కడే ఉన్నా అని అదే తల్లికి కబురంపాలి. ఆ కబురు గట్టిగా అందలేదనుకో, గర్భసంచి ఖాళీగానే ఉందనుకుని ఒళ్లు దాన్ని వదిలేస్తది. మన ఎండలకి సగం దూడలు గొంతు పెగలకే పోతన్నయ్యి. ఈ మందు వాటి బదులు తనే అరుస్తది, నేనిక్కడే ఉన్నా అని."

కెజియా స్ట్రాని వెలుతురుకి పట్టి చూసింది. "మనుషుల్లోనూ ఇంతేనా?"

అప్పటికే ఆమెకి మూడుసార్లు కడుపు పోయింది. ఆ సంగతి గుర్తొచ్చి ప్రిస్కిల్ల గొంతు తగ్గించింది. "మనుషుల్లో కబురు వేరు వదినా. ఈ మందు మనకి పనికిరాదు."

స్ట్రా కొసను కత్తెరతో కత్తిరించాలని రూలు. కాని బెదిరే గేదె దగ్గర ఒక చేత్తో తోక పట్టుకుని, ఇంకో చేత్తో వీర్యం ఎక్కించే గన్ సిద్ధం చేసుకుంటూ, కరిగిన స్ట్రా చల్లారిపోకముందే పని ముగించాలంటే కత్తెర వెతుక్కునే తీరికుండదు. ఆ పనిలో ఉన్న చాలామందిలాగే కెజియా కూడా స్ట్రా కొసను పళ్లతో కొరికి ఊసేసేది. ఒకరోజు ప్రిస్కిల్ల అది చూసి కూడా నవ్వేసింది. "ఏంగాదులే, అది ప్రోటీను. కడుపులోకెళ్తే కందిపప్పుతో పాటు అరిగిపోద్ది."

కొన్ని నెలలకి కెజియాకి నెల తప్పింది.

ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. తిమోతి లారీ దిగి ఇంటికి రాగానే భార్య మొహం చూసేవాడు, ఏమీ అడక్కుండా కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. అతని తల్లి సంతోషమ్మ తెల్లారి ప్రార్థన పొడుగు చేసింది. అంతకుముందు కడుపు పోయిన నెల వచ్చింది, దాటింది. తర్వాతి నెలా దాటింది. అప్పుడు సంతోషమ్మ ఆగలేక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించి, పాస్టరు గారికీ వచ్చినవాళ్లకీ బిర్యానీ పెట్టింది. కోడలి పళ్లెంలో ముక్కలు వేస్తూనే ఉంది.

"అత్తా, చాలు. నన్నేమన్నా కోతకి పెంచుతున్నావా."

"తినవే. నువ్వు తింటే నా మనవడు తిన్నట్టు."

"మనవరాలైతే పస్తుంచుతావా ఏంది?"

అందరూ నవ్వారు. ప్రిస్కిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమెకి ఆ రోజుల్లో ప్రపంచమంతా తను అనుకున్నట్టే నడుస్తున్నట్టుంది.

మొదటి గేదె ఈనిన రోజున షెడ్డు దగ్గర జనం మూగారు. డాక్టర్ మాలకొండయ్య కూడా ప్యాంటు మడిచి వచ్చారు. నొప్పులు సజావుగానే వచ్చాయి, దూడ సజావుగానే జారి గడ్డి మీద పడింది. బలమైన దున్నపోతు దూడ. తడిసిన చెవులు విదిలించుకుంటూ తల్లి కోసం అటూ ఇటూ చూసింది.

తల్లి వెనక్కి తిరగలేదు.

నాలిక చాచి నాకలేదు, గొంతులోంచి ఆ సన్నటి పిలుపు రాలేదు. గడ్డి కొరుక్కుని, తాపీగా నెమరేసుకుంటూ నిలబడింది. దూడ తడబడుతూ లేచి పొదుగు దాకా వచ్చి మూతి పెట్టగానే కాలితో ఒక్కటి తన్నింది. కోపంతో తన్నినట్టు లేదు. ఈగని తోలినట్టుంది.

"మొదటి ఈత గదా," అన్నారు మాలకొండయ్య. "దూడ మీద తవుడు, ఉప్పు చల్లండి. నాకుతుంది."

చల్లారు. గేదె ఉప్పు నాకింది, తవుడు నాకింది. అవి అయిపోగానే దూడను వదిలేసి పక్కకి పోయింది. ఆ పోవడంలోనే ప్రిస్కిల్లకి ఏదో తేడా కనిపించింది. గేటు దగ్గర ఇనపకడ్డీకి డొక్క తగలకుండా, ఒళ్లు వంచుకుని, జాగ్రత్తగా తిరుగుతోంది. నిండు చూడి గేదెలు తిరిగినట్టు.

రక్తం తీసి చూసింది. ఈనిన గేదె రక్తంలా లేదు. చూడి గేదె రక్తంలా ఉంది. దూడ బయటికొచ్చేసినా, లోపలినుంచి ఆ కబురు మాత్రం ఆగలేదు. సంచి గోడకి గట్టిగా అంటుకోవాలని మందుని బంకలా తయారుచేసింది తనే. అంటుకున్నచోట తల్లి కణాల చేతే మళ్లీ మళ్లీ దాన్ని చేయించేలా మలిచిందీ తనే. ఇప్పుడు ఖాళీ సంచిలోంచి నేనిక్కడే ఉన్నా, నేనిక్కడే ఉన్నా అని వినబడుతూనే ఉంది. దూడ లోపలే ఉన్నప్పుడు, గడ్డి మీద తడిసిన ఈ జంతువెవరో ఆ తల్లికి ఏం పట్టింది? పొదుగులోకి పాలెందుకు దిగుతాయి?

ఆ వారంలో ఈనిన గేదెలన్నీ అలాగే ఉన్నాయి.

"మనది పాల డైరీ కాదమ్మా," అన్నారు మాలకొండయ్య, తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు. "దూడలకి సీసాపాలు పడదాం. ఎదుగుతాయి. అసలు చిక్కు ఏంటంటే ఇవి మళ్లీ ఎదకి రావు, దాని సంగతి చూడు."

ప్రిస్కిల్ల సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కెజియా టీ పెడుతోంది. అప్పటికి ఆరో నెల. షెడ్డు పని మానిపించారు గాని, అక్కడి కబుర్లన్నీ తిమోతి మోసుకొస్తూనే ఉన్నాడు.

"నీ బర్రెలకి పిల్లలంటే గిట్టట్లేదంటగా," అంటూ కెజియా పాల ప్యాకెట్ అందుకుని, కత్తెర పక్కనే ఉన్నా, కొసను పళ్లతో కొరికి పక్కకి ఊసేసింది.

ప్రిస్కిల్ల ఆమె నోటివైపే చూసింది. చిగుళ్లు. తడిగా ఉంటాయి. సంచి గోడలాగే తడిగా ఉంటాయి. ఎన్ని నెలలు, ఎన్ని స్ట్రాలు కొరికింది, మందు అక్కడా అంటుకుని ఉంటే.

"ఏందే, అట్టా చూస్తావు?"

"ఏంలేదు వదినా. రేపు ఒకసారి రక్తం ఇస్తావా? ఇనుము ఎంతుందో చూద్దాం."

మర్నాడు ఆ రక్తాన్ని ల్యాబులో పరీక్షకి పెట్టింది. తన చేత్తో తయారుచేసిన మందు వదిన రక్తంలో ఎలా కనబడాలో అలాగే కనబడింది. మనుషుల్లో కబురు వేరు అని అంత ధీమాగా చెప్పిన మాట గుర్తొచ్చింది. వేరే. కాని కొద్దిగా వేరు, అంతే. మూడుసార్లు నిలవనిది ఈసారి ఎందుకు నిలిచిందో ఇప్పుడు తెలుస్తోంది. ఇంట్లో కృతజ్ఞత కూడిక ఎందుకు పెట్టారో కూడా.

తిన్నగా వెళ్లి మాలకొండయ్యకి చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు. తర్వాత ఫోన్ తీసి, ఫారం నుంచి చుట్టుపక్కల ఊళ్లకి కూడా పంపిన స్ట్రాలన్నీ వెనక్కి తెప్పించమని స్టోరుకి చెప్పారు. "కొరికినవాళ్లెవరెవరో కనుక్కోండి. భయపెట్టకుండా కనుక్కోండి." ఫోన్ పెట్టేశాక ప్రిస్కిల్ల వైపు చూశారు. "మీ వదినకి చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పమ్మా. మనకి దారి దొరికే దాకా ఆగుదామనుకుంటావు. దొరక్కపోతే?"

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ కెజియా అంతా విన్నది. తిమోతి చొక్కాని దులిపి, తీగ మీద వేసి, రెండువైపులా క్లిప్పులు పెట్టింది.

"అంటే ఇది నిలిచింది ఆ మందుతోనా?"

"అవుననుకుంటా వదినా."

"ఐతే మంచిదేగా."

"పుట్టినాక..."

"పుట్టినాక నాకు తెలవదా? నా బిడ్డని?"

"మనుషులం గదా, బర్రెలకీ మనకీ తేడా ఉంటది."

"ముందు కూడా అదే అన్నావు," అంది కెజియా. తిట్టినట్టు కాకుండా మామూలుగానే అంది. ప్రిస్కిల్లకి తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది. "మీ అన్నకి చెప్పాలి. అత్తకి మాత్రం ఇప్పుడే వద్దు. పాపం, పొద్దున్నే లేచి మోకాళ్లు అరగదీసుకుంటంది."

అప్పటినుంచి ప్రిస్కిల్లకి వేరే పని లేదు. పట్టుని విడిపించే మందు కోసం చేసిన ప్రతి ప్రయత్నమూ ఎక్కడో తేలిపోయింది. కబురుని ఆపబోతే గేదె జ్వరంతో పడిపోయేది, లేదా అసలేమీ అయ్యేది కాదు. కెజియా కడుపు రోజురోజుకీ పెరుగుతోంది. ఉయ్యాల చీర ఏ రంగుదో, పేరు బైబిల్లోంచా, కొత్తరకందా అని ఇంట్లో వాదులాట జరుగుతుంటే ప్రిస్కిల్ల కంచం పక్కకి నెట్టి లేచిపోయేది.

ఒకరోజు దూడలకి సీసాలు పడుతూ ఉండగా ఆలోచన తట్టింది. లోపలి గొంతు ఆపలేకపోతే బయట ఇంకో గొంతు పెడితే? లోపలి దానికన్నా గట్టిగా, ముక్కుకి ఎదురుగా?

పట్టుమందుని నూనెలో కలిపి దూడ వీపుకీ మూతికీ రాసి తల్లి ముందు వదిలింది. గేదె గడ్డి తినడం ఆపేసింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. గొంతులోంచి, ఇన్నాళ్లూ ఆ షెడ్డులో ఎవరూ వినని సన్నటి పిలుపొకటి వచ్చింది. గబగబా ముందుకొచ్చి దూడని తల నుంచి తోక దాకా నాకడం మొదలుపెట్టింది. పొదుగు చేపుకొచ్చి పాలు దిగాయి. దూడ దాన్ని కుమ్ముతుంటే కదలకుండా నిలబడింది. ప్రిస్కిల్ల అక్కడే తొట్టి అంచున కూచుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు కెజియాని ఆటోలో ఎక్కించుకుని చూపించడానికి తీసుకొచ్చింది. నెలలు నిండుతున్న మనిషిని షెడ్డుకి తీసుకెళ్లినందుకు సంతోషమ్మ సాధిస్తుందని తెలిసినా ఆగలేకపోయింది.

వాళ్లు వచ్చేసరికి దూడ ఒక మూల ముడుచుకుని పడుకుంది. వాన జల్లు కొట్టి దాని ఒంటి మీది నూనె కొట్టుకుపోయింది. తల్లి ఇంకో మూల నిలబడి, అదే సన్నటి పిలుపుతో, దేన్నో పట్టి పట్టి నాకుతోంది. ప్రిస్కిల్ల నిన్న నూనె చేతులు తుడుచుకుని విసిరేసిన గోనెపట్టా అది. పొదుగులోంచి పాలు ధారగా నేల మీద కారుతున్నాయి. పాల వాసనకి దూడ లేచి దగ్గరికి వస్తే గేదె ఒక్క తన్ను తన్ని, మళ్లీ గోనెపట్టా వైపు తిరిగింది.

కెజియా గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"మళ్లీ రాస్తే సరిపోద్ది," అంది ప్రిస్కిల్ల తొందరగా. "రోజూ రాయాలి, అంతే. స్నానం చేయించినాక రాస్తే చాలు. నీకు ఇబ్బందేం ఉండదు వదినా."

"పోదాం పద," అంది కెజియా. "నడుం లాగతంది."

నొప్పులు ఆ తర్వాత రెండో ఆదివారం మధ్యాహ్నం మొదలయ్యాయి. తిమోతి దాణా దించి లారీలోనే ఒంగోలు తీసుకెళ్తానంటే సంతోషమ్మ వాడి వీపు మీద ఒక్కటేసి కారు పిలిపించింది. ఆసుపత్రిలో ఎక్కువసేపు పట్టలేదు. ఆడపిల్ల. లేడీ డాక్టరు బయటికొచ్చి తల్లీబిడ్డా బాగున్నారంది. సంతోషమ్మ వరండాలోనే మోకరించింది. తిమోతి చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేక ప్రిస్కిల్ల తలదించుకుంది. ఆమె బ్యాగులో, మెత్తటి బట్టలో చుట్టిన చిన్న నూనె సీసా ఉంది.

లోపలికి వెళ్లేసరికి బిడ్డ ఉయ్యాలతొట్టిలో ఉంది. కెజియా పక్కకి తిరిగి పడుకుని దాన్నే చూస్తోంది. పక్కింటివాళ్ల పిల్లని చూసినట్టు, మర్యాదగా, కాస్త ఇష్టంగా. ఒక చెయ్యి కడుపు మీద కాపలాగా ఉంది.

"బాగుంది గదా," అంది. "ముక్కు మీ అన్నదే."

"నీకెట్టా ఉంది వదినా?"

కెజియా కడుపు తడుముకుంది. "బిడ్డ ఇంకా లోపలే ఉన్నట్టుంది. ఇందాక నర్సు ఎత్తుకుపోతే నాకేం అనిపించలా. నేను పక్కకి తిరిగేటప్పుడు మాత్రం భయమేసింది, కడుపు నలిగిద్దేమోనని." దుప్పటి పైకి లాక్కుంది. "పాలు కూడా రాలా."

సంతోషమ్మ అర్థం కాక ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ప్రిస్కిల్ల బ్యాగు జిప్పు తీసింది. "మనుషుల మీద ఎవరూ వాడి చూడలా. వాడకూడదు కూడా. కాని నాకు ఇంకో దారి కనిపించట్లా. ఒక్క చుక్క చాలు, పాప నుదుటి మీద..."

"వద్దు."

"నీకు వెంటనే తెలిసిపోద్ది వదినా. చూశావుగా."

"చూశా. గోనెపట్టాని చూశా." కెజియా మోచేతి మీద లేవబోయింది, తిమోతి వచ్చి వీపు వెనక దిండు పెట్టాడు. "రేపు నువ్వు ఆ సీసా ఈ దిండుకి పూస్తే నేను దిండుకి పాలిస్తానా? అప్పుడు నాకు తెలిసింది ఎవర్ని? బిడ్డనా, నీ మందునా?"

"మరి లేకపోతే నీకు ఏమీ అనిపించదు గదా."

"అది నా బిడ్డేనని నాకు తెలుసు. నా ఒంటికి తెలవదు, అంతేగా? ఒళ్లు చెప్పినట్టల్లా నేను వినాలా ఏంది. ఏ రోజన్నా పొద్దున్నే లేవబుద్ధయి షెడ్డుకొచ్చానా నేను?"

తిమోతి నవ్వబోయి నవ్వలేక కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే బిడ్డ ఏడుపు అందుకుంది. చిన్న గదిలో ఆ ఏడుపు గోడలకి కొట్టుకుంది. సంతోషమ్మ అప్రయత్నంగా చేతులు చాచింది, ప్రిస్కిల్ల ఒంట్లో కూడా ఏదో కదిలింది. కెజియా మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు. దూరంగా ఎక్కడో లారీ హారన్ విన్నట్టు విన్నది.

"అత్తా, ఇట్టా తే. నా ఒళ్లో పెట్టు. మెడ కింద చెయ్యి ఎట్టా పెట్టాల్నో చూపించు, నా అంతట నాకు రాదు."

సంతోషమ్మ ఏదో అడగబోయి, కోడలి కళ్లు చూసి మానేసింది. బిడ్డని ఒళ్లో పెట్టి, కోడలి చేతివేళ్లు ఒక్కొక్కటే సర్ది చూపించింది. తిమోతి డబ్బాపాలు కలపమని నర్సుని అడగడానికి పరిగెత్తాడు. కెజియా కొత్త గేదె దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పటిలా ఊపిరి బిగబట్టి, బిడ్డ మొహాన్ని శ్రద్ధగా చూస్తోంది.

"ఎందుకేడుస్తంది ఇది?"

"ఆకలేమో వదినా."

"ఏమో అంటే గాదు. చూసి చెప్పు. నేను గుర్తు పెట్టుకోవాలి."

ప్రిస్కిల్ల వంగి చూసింది. "చూడు, నోరు పక్కకి తిప్పి వెతుకుతంది. అట్టా తిప్పితే ఆకలి."

"నోరు పక్కకి తిప్పితే ఆకలి," అంది కెజియా మెల్లిగా. నర్సు పాలు కలిపి తెచ్చిన ఉగ్గుగిన్నె అందుకుని, మొదటి చుక్క బిడ్డ పెదాల మీద పెట్టింది. బిడ్డ చప్పరించింది. కెజియా ఆత్రంగా ప్రిస్కిల్ల వైపు చూసింది, తను చేసింది సరేనా అన్నట్టు.

ప్రిస్కిల్ల తలూపింది. బ్యాగు జిప్పు మూసేసింది గాని సీసాని దాచాలో పారెయ్యాలో ఆమెకి తెలియలేదు.

"రేపు కూడా ఏడుస్తదా?" అంది కెజియా, రెండో చుక్క వంచుతూ.

"రోజూ ఏడుస్తది వదినా."

"ఐతే తర్వాతది చెప్పు. కాళ్లు తన్నుకుంటే ఏంటి?"